సూరత్ ప్లేగు, 1994: శాస్త్రాన్ని విడమరచి చెప్పడం ఎందుకు?



ఈనాటి పాఠాన్ని మనం గుజరాత్‌లోని సూరత్ నగరంలో, సలాబత్‌పురా అనే పేటలో మొదలుపెడదాం. 'పురా' అంటే మన భాషలో పేట. రింగ్ రోడ్డు వెంట బట్టల మార్కెట్లు, లోపలి వీధుల్లో మరమగ్గాలు ఉన్న ప్రాంతమిది. సూరత్ మరమగ్గాల మీద పనిచేయడానికి ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి ఎందరో వచ్చారు. వారితోబాటు తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి నేతకుటుంబాలు కూడా దశాబ్దాలుగా వెళ్ళి ఆ నగరంలో స్థిరపడ్డాయి. అక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణాల బోర్డుల మీద గుజరాతీ కనిపిస్తాయి.

నేతపేటకూ, విజ్ఞానశాస్త్రానికీ ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. 1994 సెప్టెంబరులో ఈ నగరం నుంచి లక్షలాది ప్రజలు కొద్దిరోజుల్లో పారిపోయారు. ఒక సూక్ష్మజీవి గురించి తెలిసినవారు కొందరే ఉన్నారు. వారికి తెలిసిన సంగతి మగ్గం దగ్గర నిలబడ్డ మనిషికి అర్థమయ్యేలా చేరలేదు. అది చేరకపోతే ఏమవుతుందో, చేర్చాలంటే ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఆ సెప్టెంబరులో ఏం జరిగింది?

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఇళ్ళు కూలాయి. వదిలివెళ్ళిన ఇళ్ళలో నిలవ ఉన్న ధాన్యం ఎలుకలకు ఆహారమైంది. ఏడాది తిరగకుండానే, 1994 ఆగస్టు చివర్లో, బీడ్ జిల్లాలోని మామ్లా గ్రామంలో గజ్జల్లో బిళ్ళలు కట్టే జ్వరాలు కనిపించాయి. అది ప్లేగు అని వైద్యులు అనుమానించారు. మనదేశంలో మనుషులకు ప్లేగు సోకినట్లు అంతకుముందు చివరిసారి నమోదైంది 1966లో. అంటే 1994 నాటికి పనిచేస్తున్న వైద్యుల్లో చాలామంది ఆ జబ్బును పుస్తకంలో చదివినవారే తప్ప కళ్ళారా చూసినవారు కారు.

సెప్టెంబరులో సూరత్‌ను తాపీ నది వరద ముంచెత్తింది. నీరు తీసిన తర్వాత వీధుల్లో బురద, చెత్త, చచ్చిన జంతువుల కళేబరాలు మిగిలాయి. మూడవ వారంలో తీవ్రమైన న్యుమోనియాతో కొందరు కార్మికులు ఆసుపత్రిలో చేరి, కొద్ది గంటల్లోనే మరణించారు. 'ఊపిరితిత్తుల ప్లేగు' అన్న మాట బయటికి పొక్కింది.

1991 జనాభా లెక్కల ప్రకారం సూరత్ జనాభా సుమారు 15 లక్షలు. అందులో కనీసం మూడు లక్షలమంది కొన్ని రోజుల్లోనే రైళ్ళు, బస్సులు, లారీలు పట్టుకొని వెళ్ళిపోయారని అంచనా. మరమగ్గాలు ఆగాయి, వజ్రాలు సానపట్టే కార్ఖానాలు మూతపడ్డాయి. చాలామంది ప్రైవేటు వైద్యులు కూడా ఊరు విడిచారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ బిళ్ళలు దొరకలేదు. ఇతర నగరాల రైల్వేస్టేషన్లలో సూరత్ రైలు దిగినవారిని ఆపి పరీక్షించారు. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు ఆపివేశాయి, మన సరుకును తిప్పిపంపాయి. దేశానికి కలిగిన నష్టం వంద కోట్ల డాలర్లకు పైమాటేనని అంచనాలు వచ్చాయి.

ఇక దేశమంతటా ఈ జబ్బుతో చనిపోయినవారు 50 మందికి పైగా. ప్రతి ప్రాణమూ విలువైనదే. అయినా మరణాల సంఖ్యను, పారిపోయినవారి సంఖ్యతో పోల్చి చూడండి. జబ్బు కంటే భయం ఎన్ని వేల రెట్లు వేగంగా పాకిందో మీకే తెలుస్తుంది.

2. ఆ భయం ఎక్కడిది?

ప్రజలు తెలివితక్కువగా భయపడ్డారని అనుకోవద్దు. ఆ మాట వెనక వంద సంవత్సరాల జ్ఞాపకం ఉంది. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు తర్వాతి యాభై ఏళ్ళలో దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. మా ముత్తాత కాలంలో ఊరు ఖాళీచేసి పొలాల్లో పాకలు వేసుకున్నారు అని చెప్పే పెద్దలు మన పల్లెల్లో నిన్నమొన్నటి వరకూ ఉన్నారు.

అప్పటి ప్రభుత్వం ఏం చేసింది? 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పూనాలో సైనికులు ఇళ్ళలోకి చొరబడి సోదాలు చేశారు, రోగులను బలవంతంగా తీసుకుపోయారు. ఎందుకు చేస్తున్నారో ఎవరూ వివరించలేదు. ప్రజల ఆగ్రహం ఎంతవరకు వెళ్ళిందంటే, ఆ ఏడాది జూన్‌లో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చిచంపారు.

అదే సంవత్సరం, అదే రాష్ట్రంలో మరొక పద్ధతి కూడా కనిపిస్తుంది. వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేశారు. 1897 జనవరి 10న ఆ మందును ముందుగా తన ఒంట్లోనే ఎక్కించుకున్నారు. సూదిమందు అంటే బెదిరే జనానికి ఆ ఒక్క పని ఎంతో చెప్పింది.

శాస్త్రవేత్తలకు కూడా విషయం ఒక్కరోజులో అర్థం కాలేదు. ప్లేగు సూక్ష్మజీవిని అలెగ్జాండర్ యెర్సిన్ 1894లో హాంకాంగ్‌లో గుర్తించారు. అది ఎలుక నుంచి మనిషికి ఎలా చేరుతుందో పాల్ లూయీ సిమొండ్ 1898లో కరాచీలో ప్రయోగం చేసి చూపారు. ఎలుకల ఒంటిమీద రక్తం తాగి బతికే చిన్న గోమార్లే దాన్ని మోస్తాయని ఆయన అన్నారు. చాలామంది నమ్మలేదు. 1905 తర్వాత ప్లేగు పరిశోధన సంఘం మళ్ళీ ప్రయోగాలు చేసి నిర్ధారించాకే అందరూ అంగీకరించారు. పండితులకే ఇన్నేళ్ళు పట్టిన సంగతి, ఎవరూ చెప్పకుండా నేతకార్మికుడికి ఒక్క రాత్రిలో ఎలా తెలుస్తుంది?

3. ఏమి చెప్పి ఉండవలసింది?

ఇప్పుడు మీరే ఆ స్థానంలో ఉన్నారనుకోండి. మీ మేనమామ సలాబత్‌పురాలో మగ్గం నడుపుతున్నారు, సంచి సర్దుకొని స్టేషనుకు బయలుదేరుతున్నారు. ఆయనకు ఏం చెబుతారు? 'యెర్సీనియా పెస్టిస్ అనే గ్రామ్ నెగెటివ్ దండాకార బాక్టీరియా' అని మొదలుపెడితే ఆయన వినరు. రైలుకు టైమైంది మరి!

ఆయనకు తెలిసినదానితో మొదలుపెట్టాలి. తెలంగాణలో కలరాను గత్తర అంటారు. గత్తర నీటిలో వస్తుందని, నీళ్ళు కాచి తాగాలని ఆయనకు తెలుసు. ప్లేగు దారి వేరు. నీటిలో రాదు. అది రెండు దారుల్లో వస్తుంది.

మొదటి దారి గోమారి కాటు. క్రిమి ఒంట్లోకి దిగి, దగ్గరలో ఉన్న గ్రంథిలో పెరుగుతుంది. అందుకే గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కడుతుంది. సాధారణంగా బిళ్ళల ప్లేగు ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటదు.

రెండవ దారి దగ్గు. క్రిమి ఊపిరితిత్తుల్లో చేరితే, రోగి దగ్గినప్పుడు తుంపరలతో బయటికి వస్తుంది. ఆ తుంపరలు చాలా దూరం పోవు. రెండు మీటర్ల లోపు, దగ్గరగా మెలిగేవారికే ముఖ్యంగా ప్రమాదం. వీధి చివర ఉన్నవాళ్ళకు గాలిలో కొట్టుకొచ్చి అంటుకునేది కాదు. క్రిమి ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం, దగ్గు, కొన్నిసార్లు రక్తంతో కూడిన కళ్ళె కనిపిస్తాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఊపిరితిత్తుల ప్లేగుకు వైద్యం చేయకపోతే దాదాపు తప్పక ప్రాణం పోతుంది. కానీ లక్షణాలు కనిపించిన 24 గంటల లోపు మందు మొదలుపెడితే బతికే అవకాశం చాలా ఎక్కువ. అంటే ఆ మనిషి ఆ ఒక్కరోజు ఆసుపత్రికి దగ్గరలో ఉండాలి. రైలుపెట్టెలో కాదు. పారిపోవడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు ఆయనకు మీరు బెదిరించకుండానే తెలిసింది.

చూశారా? ఇందులో ఒక్క కఠిన పదం లేదు. అలాగని శాస్త్రాన్ని ఎక్కడా తగ్గించలేదు.

4. మందు ఎలా పనిచేస్తుంది? మగ్గం భాషలో

సూరత్ దుకాణాల్లో మాయమైన టెట్రాసైక్లిన్ కథకు మన తెలుగునేలతో బంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన హయాములో అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ 1945లో ఒక మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు పదార్థాన్ని వేరుచేశారు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. 1948లో దాని సంగతి లోకానికి తెలిసింది. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. 'టెట్రా' అంటే నాలుగు. ఆ అణువులో నాలుగు వలయాలు వరుసగా అతుక్కొని ఉంటాయి కనుక ఆ పేరు వచ్చింది.

ఇప్పుడు మీ మామగారు అడుగుతారు: "అల్లుడా, జరం తగ్గింది గదా, ఇంక గోలీలెందుకు?" చాలా మంచి ప్రశ్న. జవాబు ఆయన మగ్గంలోనే ఉంది.

ప్రతి క్రిమి కణంలోనూ వేలాది చిన్న మగ్గాలున్నాయనుకోండి. శాస్త్రంలో వాటిని రైబోజోములంటారు. జకార్డు మగ్గానికి రంధ్రాల అట్టలు డిజైను చెప్పినట్లు, ఈ మగ్గానికి ఆర్‌ఎన్‌ఏ అనే పట్టీ డిజైను చెబుతుంది. నాడె ఒక్కొక్కసారీ పేక పోగును తెచ్చినట్లు, మరో రకం చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఒక్కొక్క అమినో ఆమ్లాన్ని తెచ్చి అందిస్తాయి. అవి వరుసగా కలిసి ప్రోటీన్ అవుతుంది. ప్రోటీన్ లేకపోతే క్రిమి పెరగలేదు.

టెట్రాసైక్లిన్ వెళ్ళి, నాడె వచ్చి దిగే చోట పుల్లలా అడ్డం కూర్చుంటుంది. పోగు అందదు, నేత ఆగుతుంది. గమనించండి, మగ్గం విరగలేదు, ఆగింది అంతే. క్రిమి వెంటనే చావదు, పెరగడం మానుతుంది. అప్పుడు మన ఒంటిలోని రక్షక కణాలు వచ్చి దాన్ని తుదముట్టిస్తాయి. ఆ పని పూర్తికాకముందే గోలీలు ఆపేస్తే? పుల్ల ఊడివస్తుంది, మగ్గం మళ్ళీ ఆడుతుంది. అందుకే డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడాలి.

మరి మన కణాల్లోనూ ఇలాంటి మగ్గాలు ఉన్నాయి కదా, అవి ఆగవా? మన రైబోజోముల నిర్మాణం కొంత వేరు. పైగా క్రిమి కణం ఈ మందును తనలోకి పోగుచేసుకున్నంతగా మన కణాలు చేసుకోవు.

ఒక జాగ్రత్త. పోలిక చెప్పినవారు దాని హద్దు కూడా చెప్పాలి. ప్రోటీన్ బట్టలా పరచినట్లు ఉండదు. అది ఒకే పొడవైన దారం, తనలో తాను మడతలు పడి ఒక ఆకారం తెచ్చుకుంటుంది. పడుగూ పేకా రెండూ అక్కడ లేవు. ఈ మాట చెప్పకపోతే, మనం ఒక తప్పును సరిచేస్తూ మరో తప్పును నాటినవాళ్ళమవుతాం.

రోగి దగ్గరగా మెలిగినవారికి ముందుజాగ్రత్తగా ఈ మందు అవసరం. ఊరంతా కొని దాచుకుంటే ఆ అవసరమైనవారికే దొరకదు. 1994లో జరిగింది ఇదే.

5. "ఇంతకీ అది ప్లేగేనా?"

అప్పట్లో అందరినీ తికమకపెట్టిన ప్రశ్న ఇది. కొందరు నిపుణులు అవునన్నారు, కొందరు వేరే జబ్బు కావచ్చన్నారు. ప్రయోగశాలల్లో క్రిమిని పెంచి గుర్తించడానికి సమయం పట్టింది. ఈలోగా పత్రికల్లో రోజుకో మాట వచ్చింది. నిపుణులే తేల్చుకోలేకపోతే మేమెవరిని నమ్మాలి అని ప్రజలు అనుకోవడం సహజం.

కేంద్ర ప్రభుత్వం ఒక సాంకేతిక సలహా సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఆయన ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా పనిచేశారు. అంతకుముందే ఆయన కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గొంతువాపు జబ్బు తగ్గుతుందని చూపినవారు. ఉప్పులో కొద్దిపాటి అయోడిన్ కలపండి, గొంతుమీద కాయ కట్టదు అన్నంత సూటిగా ఆ పరిశోధన సారం పల్లెలకు చేరింది. సూరత్‌లో వచ్చింది ప్లేగేనని ఆయన సంఘం తేల్చి, 1995లో నివేదిక ఇచ్చింది.

అయినా సందేహాలు పూర్తిగా పోలేదు. 2000లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 1994 నాటి నమూనాల నుంచి వేరుచేసిన క్రిముల డీఎన్‌ఏను చదివారు. దీన్ని కూడా నేత భాషలోనే చెప్పుకుందాం. అనుభవం ఉన్నవారు అంచు, కొంగు చూసి ఇది గద్వాల్ చీర, ఇది పోచంపల్లి చీర అని చెప్పగలరు. అలాగే బాక్టీరియా రైబోజోముకు సంబంధించిన ఒక జన్యువులో అక్షరాల వరుస ఒక్కో జాతికి ఒక్కో రకంగా ఉంటుంది. ఆ వరుసను, మరికొన్ని డీఎన్‌ఏ గుర్తులను పోల్చి చూసి, అది యెర్సీనియా పెస్టిసేనని వారు ప్రకటించారు.

మరి 1994 సెప్టెంబరులో ఏం చెప్పవచ్చు? "ఇది ప్లేగు కావచ్చు. ఖాయంగా తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. ఏదైనప్పటికీ, జ్వరం, దగ్గు ఉంటే ఈరోజే ఆసుపత్రికి రండి, మందు ఉంది." ఈ మూడు వాక్యాల్లో తెలిసినది ఉంది, తెలియనిది ఉంది, చేయవలసింది ఉంది. తెలియదని ఒప్పుకున్నందుకు శాస్త్రం చిన్నబోదు. తెలిసినట్లు నటించి రేపు మాట మార్చినప్పుడే నమ్మకం పోతుంది.

6. మాట తర్వాత చీపురు

వివరించడంతోనే పని పూర్తికాదు. చెత్త, ఎలుకలు, ఆగిపోయిన మురుగు అలాగే ఉంటే ఎంత చక్కని మాటా నిలవదు. 1995లో సూర్యదేవర రామచంద్రరావు అనే ఐఏఎస్ అధికారి సూరత్ నగరపాలక కమిషనరుగా వచ్చారు. అధికారులు ఏసీ గదులు వదిలి ప్రతిరోజూ వీధుల్లోకి వెళ్ళాలని ఆయన నియమం పెట్టారు. చెత్త ఎత్తడం, మురుగు కాలువలు, హోటళ్ళ శుభ్రత అన్నీ రోజువారీ తనిఖీలోకి వచ్చాయి. ప్లేగు వచ్చిన రెండేళ్ళకే సూరత్ దేశంలో చండీగఢ్ తర్వాత రెండవ పరిశుభ్ర నగరంగా పేరు తెచ్చుకుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటిస్థానం పొందింది. ఎలుకకూ చెత్తకూ, చెత్తకూ జబ్బుకూ ఉన్న లంకెను ప్రజలు వీధిలో కళ్ళతో చూశారు. అది కూడా ఒక పాఠమే.

7. మన భాషలో శాస్త్రం

శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న ప్రయత్నం కొత్తది కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. చరిత్రతోబాటు ప్రకృతి శాస్త్రాల పుస్తకాలను కూడా తెలుగులో అచ్చువేశారు. ఇంగ్లీషు రానివాడికి శాస్త్రం అందకూడదా అన్నదే వారి ప్రశ్న. ఆ ప్రశ్న సూరత్‌లాంటి నగరాల్లో ఇంకా పదునుగా ఉంది. అక్కడి తెలుగు కార్మికుడికి గుజరాతీ ప్రకటన చదవరాకపోవచ్చు, ఇంగ్లీషు నివేదిక అందనే అందదు. 2020లో కరోనా వచ్చినప్పుడు కూడా సూరత్‌లోని వలస కార్మికులు ఇంటిదారి కోసం వీధుల్లోకి వచ్చారు. ఆకలి, కూలి ఆగిపోవడం అందుకు పెద్ద కారణాలు. వాటితోబాటు, ఏమి జరుగుతోందో తమ భాషలో చెప్పే మనిషి లేకపోవడమూ ఒక లోటే.

విద్యార్థులారా, మీలో కొందరు డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు అవుతారు. మీ ఇంట్లో, మీ వీధిలో మీరే మొదటి శాస్త్రజ్ఞులు కావచ్చు. అప్పుడు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. వినేవారి పని నుంచి పోలిక తీసుకోండి, దాని హద్దు చెప్పండి. తెలిసినదీ తెలియనిదీ వేరుచేసి చెప్పండి. చివరికి ఏమి చేయాలో ఒక్క వాక్యంలో చెప్పండి. వారి ప్రశ్నను ఓపికగా వినండి, ఎందుకంటే "ఇంక గోలీలెందుకు?" అన్న ప్రశ్నే మనల్ని రైబోజోము దాకా తీసుకువెళ్ళింది.

ఆలోచించండి, చేయండి

1. కలరా, ప్లేగు వ్యాపించే దారుల్లో తేడా ఏమిటి? దానివల్ల జాగ్రత్తలు ఎలా మారతాయి?

2. పూనాలో సైనికుల సోదాలకూ, హాఫ్‌కిన్ చేసిన పనికీ ప్రజలు వేరువేరుగా ఎందుకు స్పందించారు?

3. మీ ఇంట్లో ఒక పెద్దవారి వృత్తిని తీసుకోండి. వ్యవసాయం, వడ్రంగం, కుట్టుపని, ఏదైనా సరే. ఆ వృత్తిలోని మాటలతో టీకా ఎలా పనిచేస్తుందో పది వాక్యాల్లో రాసి, వారికే చదివి వినిపించండి. వారు అడిగిన మొదటి ప్రశ్నను నోటుపుస్తకంలో రాసుకోండి. మీ తర్వాతి పాఠం అక్కడే మొదలవుతుంది.